గీత దాటిన కాలు

పిల్లలూ, మీలో క్రికెట్టు ఆడనివాళ్ళు బహు కొద్దిమంది ఉంటారు. బాటు లేకపోతే కొబ్బరిమట్టతో ఆడతారు. స్టంపులు లేకపోతే గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీస్తారు. ఏమి ఉన్నా లేకపోయినా, బంతి వేసేవాడి ముందు నేలమీద ఒక గీత మాత్రం తప్పకుండా ఉంటుంది. వాడి కాలు ఆ గీత దాటిందంటే, ‘‘నోబాల్!’’ అని అందరూ ఒక్కసారిగా అరుస్తారు.

క్రికెట్టులో ఉన్న శిక్షలలో నోబాల్ శిక్ష చాలా చిన్నది. టెస్టు మాచ్‌లో నోబాల్ వేస్తే అవతలి జట్టుకు ఒక పరుగు వస్తుంది, ఆ బంతి మళ్ళీ వెయ్యాలి. అంతే! ఎంతో గొప్ప బౌలర్లు కూడా తమ జన్మలో వందలకొద్దీ నోబాల్స్ వేశారు. వాటిని ఎవరూ జ్ఞాపకం పెట్టుకోరు.

కాని రెండు నోబాల్స్ వేసినందుకు ఒక కుర్రవాడు అయిదేళ్ళపాటు ఆటకు దూరమయాడు. పరాయి దేశంలో జైలుకు కూడా వెళ్ళాడు. అతని పేరు మహమ్మద్ అమీర్. పాకిస్తాను దేశపు ఫాస్ట్ బౌలరు. అప్పటికి అతని వయసు పద్ధెనిమిదేళ్ళు. ఒక పరుగు విలువ చేసే తప్పుకు ఇంత పెద్ద శిక్ష ఎందుకు పడిందో తెలుసుకోవాలంటే, అతని కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

పాకిస్తానులోని పంజాబు రాష్ట్రంలో రావల్పిండి జిల్లా ఉన్నది. ఆ జిల్లాలో గుజర్ ఖాన్ అనే పట్టణానికి సమీపాన చంగా బంగ్యాల్ అనే పల్లెటూరు ఉన్నది. అమీర్ అక్కడ 1992 ఏప్రిల్ 13న పుట్టాడు. సరిగ్గా పందొమ్మిది రోజుల క్రితమే, మార్చి 25న, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో పాకిస్తాను జట్టు ప్రపంచ కప్పు గెలుచుకున్నది. ఆ ఫైనల్‌లో వాసిం అక్రం అనే ఎడమచేతి బౌలరు వరసగా రెండు బంతులలో ఇద్దరిని ఔటు చేసి ఇంగ్లండు ఆశలను అడుగంటించాడు. పాకిస్తానులో ఆ రోజులలో పెరిగిన పిల్లలకు వాసిం అక్రం ఒక వీరుడు.

అమీర్‌ది కూడా ఎడమచెయ్యే. అందుచేత అతనికి అక్రం అంటే మరీ యిష్టం. టెలివిజనులో అక్రం ఆట వస్తే, ఆ చెయ్యి ఎట్లా తిరుగుతున్నదీ, వేళ్ళు బంతిని ఎట్లా పట్టుకున్నదీ కళ్ళార్పకుండా చూసేవాడు. తరవాత బయటికి పోయి, అట్లాగే వెయ్యటానికి ప్రయత్నించేవాడు. అతనికి పదకొండేళ్ళ వయసులో, ఒక పోటీలో అతని బౌలింగు చూసినవారు రావల్పిండిలోని క్రికెట్టు శిక్షణాలయానికి రమ్మన్నారు. పెద్ద కుటుంబం, చిన్న ఊరు, అంతంతమాత్రపు రాబడి. అటువంటి ఇంటి పిల్లవాడు తల్లినీ తండ్రినీ వదిలి పట్నం చేరాడు.

2007లో కుర్ర ఫాస్ట్ బౌలర్లకు ఒక శిక్షణ శిబిరం జరిగింది. అక్కడికి సాక్షాత్తూ వాసిం అక్రమే వచ్చాడు. ఎందరో కుర్రవాళ్ళు బంతులు వేశారు. వారిలో అక్రం కళ్ళు అమీర్ మీద నిలిచాయి. ఈ కుర్రవాడికి మంచి భవిష్యత్తు ఉన్నదని ఆయన గ్రహించాడు. ఏ మనిషిని చూసి బౌలింగు నేర్చుకున్నాడో, ఆ మనిషే మెచ్చుకుంటే ఆ కుర్రవాడి సంతోషం ఎట్లా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంతకూ అమీర్ బౌలింగులో ఉన్న గొప్ప ఏమిటి? వేగం ఒక్కటే కాదు. గాలిలో బంతిని వంకర తిప్పగలగటం. దీనినే ‘‘స్వింగ్’’ అంటారు. చేతినుంచి తిన్నగా బయలుదేరిన బంతి, సగం దూరం పోయాక పక్కకు ఒంగుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బాట్స్‌మన్‌ను చేరటానికి అరసెకను పడుతుంది. ఆ అరసెకనులో బంతి ఎక్కడికి వస్తుందో లెక్క వేసి బాటు దించేసరికి, అది అక్కడ ఉండదు!

గాలిలో బంతి ఎందుకు ఒంగుతుంది? దీన్ని అర్థం చేసుకోవటానికి ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. కుళాయి తిప్పి సన్నని నీటిధార పడనివ్వండి. ఒక చెంచాను తోక కొసన రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని వేలాడదీసి, దాని ఉబ్బెత్తు వీపును మెల్లిగా ఆ ధారకు తగిలించండి. నీరు చెంచాను దూరంగా నెట్టుతుందని మీరు అనుకుంటారు. కాని జరిగేది వేరు. నీరు చెంచా వీపును అంటిపెట్టుకుని దాని వంపు వెంట తిరిగి పక్కకు పోతుంది. చెంచా ధార వైపుకే లాగబడుతుంది. ధార ఒక వైపుకు తిరిగితే, చెంచా దానికి ఎదురు వైపుకు కదులుతుందన్నమాట.

క్రికెట్టు బంతి నడుమ దారంతో వేసిన కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. బౌలరు ఆ కుట్టును కొంచెం ఏటవాలుగా పెట్టి బంతి వేస్తాడు. బంతికి ఒక పక్కన గాలి నున్నని తోలు మీదుగా పోతుంది. అది త్వరగా బంతిని వదిలేస్తుంది. రెండవ పక్కన గాలి కుట్టు మీదుగా పోతూ చిందరవందర అవుతుంది. ఈ చెదిరిన గాలి బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుని, వెనక వంపు దాకా పోయి మరీ వదులుతుంది. చెంచా విషయంలో జరిగినట్టే, గాలి ఒక వైపుకు తిరిగితే బంతి ఎదురు వైపుకు, అంటే కుట్టు చూపే దిక్కుకు, ఒంగుతుంది. ఆటగాళ్ళు బంతిని ఒకవైపే పంట్లాముకు రుద్దటం మీరు చూసే ఉంటారు. ఆ పక్క నునుపు పోకుండా ఉండటానికే అలా రుద్దుతారు.

ఈ విద్య చాలామందికి ఏళ్ళు గడిస్తే గాని పట్టుబడదు. అమీర్‌కు పదిహేడేళ్ళకే పట్టుబడింది.

2009 మార్చిలో పాకిస్తాను క్రికెట్టుకు పెద్ద ఆపద వచ్చింది. లాహోరులో టెస్టు ఆడటానికి పోతున్న శ్రీలంక జట్టు బస్సు మీద తుపాకులతో దాడి జరిగింది. దానితో ఇతర దేశాల జట్లు పాకిస్తాను వెళ్ళటం మానేశాయి. సొంత మైదానంలో సొంత జట్టు ఆట చూసే భాగ్యం అక్కడి జనానికి లేకుండా పోయింది. ఆటగాళ్ళు ఎక్కడో పరాయి దేశంలో ఆడుతూంటే, ఇంటి దగ్గిర టెలివిజను ముందు కూర్చోవటమే వారికి మిగిలింది.

అటువంటి రోజులలో, ఆ ఏడు జూన్‌లో, ఇంగ్లండులో ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. పాకిస్తాను జట్టులో అమీర్ కొత్త ముఖం. లండన్ నగరంలోని లార్డ్స్ మైదానంలో, జూన్ 21న, పాకిస్తానుకూ శ్రీలంకకూ ఫైనల్ జరిగింది. శ్రీలంక తరఫున ఆట ప్రారంభించినవాడు తిలకరత్నె దిల్షాన్. ఆ పోటీలలో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసినవాడు అతనే. అతనికి మొదటి ఓవరు వెయ్యమని పదిహేడేళ్ళ అమీర్ చేతికి బంతి ఇచ్చారు. అమీర్ వరసగా పొట్టి బంతులు వేశాడు. దిల్షాన్ ఒక్క పరుగు కూడా చెయ్యలేకపోయాడు. విసిగిపోయి అయిదవ బంతిని కొట్టబోయి కాచ్ ఇచ్చి వెళ్ళిపోయాడు. పాకిస్తాను ఎనిమిది వికెట్ల తేడాతో కప్పు గెలిచింది.

మరుసటి సంవత్సరం అమీర్ పేరు ఇంకా మారుమోగింది. 2010 జులైలో పాకిస్తాను, ఆస్ట్రేలియా జట్లు ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో టెస్టు ఆడాయి. అమీరూ, మహమ్మద్ ఆసిఫ్ అనే మరొక బౌలరూ చెరి మూడు వికెట్లు తీసి, ఆస్ట్రేలియాను 88 పరుగులకే కూల్చేశారు. రెండవసారి అమీర్ మరి నాలుగు వికెట్లు తీశాడు. 1995 తరవాత పాకిస్తాను ఆస్ట్రేలియాను టెస్టులో ఓడించటం అదే మొదటిసారి.

తరవాత ఆ జట్టు ఇంగ్లండుతో నాలుగు టెస్టులు ఆడింది. నాలుగవ టెస్టు ఆగస్టు 26న లార్డ్స్‌లో మొదలయింది. మొదటి రోజు వానవల్ల ఆట ఎక్కువ సాగలేదు. రెండవరోజు అమీర్ చేతిలో బంతి ఏదో మంత్రించినట్టు తిరిగింది. పేరుమోసిన బాట్స్‌మన్‌లు వచ్చినవారు వచ్చినట్టే వెళ్ళిపోయారు. కొందరు సున్నకే పోయారు. ఇంగ్లండు 102 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకున్నది. అమీర్ మొత్తం ఆరు వికెట్లు తీశాడు. టెస్టులలో 50 వికెట్లు తీసినవారందరిలోకీ అతనే చిన్నవాడు అయాడు. లార్డ్స్ మైదానంలో ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు గాని అంతకు మించి గాని తీసినవారి పేర్లు అక్కడి పలక మీద ఎక్కిస్తారు. ఆ పలక మీద అమీర్ పేరు చేరింది.

అదే మాచ్‌లో ఇంకొకటి కూడా జరిగింది.

స్టంపులకు నాలుగు అడుగుల ముందు ఒక గీత ఉంటుంది. బంతి వదిలేటప్పుడు బౌలరు ముందుకాలిలో ఏ కొంచెమైనా ఆ గీతకు వెనకగా పడాలి. మడమ వెంట్రుకవాసి వెనక ఉన్నా చాలు. సామాన్యంగా నోబాల్ అంటే కాలు ఒక అంగుళమో, రెండంగుళాలో దాటటం. మొదటి రోజున అమీర్ వేసిన నోబాల్ అలాంటిది కాదు. కాలు మొత్తం గీత దాటి, ఇంకా చాలా ముందు పడింది. టెలివిజనులో వ్యాఖ్యానం చెబుతున్న మైకేల్ హోల్డింగ్, తానూ ఒకప్పటి గొప్ప వెస్టిండీస్ ఫాస్ట్ బౌలరే, ఆ కాలు పడిన చోటు చూసి ఆశ్చర్యపోయాడు. ఆసిఫ్ కూడా ఒక నోబాల్ వేశాడు. రెండవరోజు అమీర్ మరొకటి వేశాడు. అంపైర్లు చేతులు చాచి నోబాల్ అన్నారు. ఇంగ్లండుకు తలా ఒక పరుగు వచ్చింది. ఆట సాగిపోయింది.

ఆగస్టు 29 ఆదివారం. ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ అనే లండన్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. మాచ్‌కు ముందే ఒక హోటలు గదిలో మజహర్ మజీద్ అనే దళారి ముందు 1,50,000 పౌన్ల నోట్ల కట్టలు పెట్టారు. అతను వాటిని తీసుకుని, ఏ ఓవరులో ఏ బంతి నోబాల్ అవుతుందో, అది ఎవరు వేస్తారో ముందే చెప్పాడు. సరిగ్గా చెప్పినట్టే జరిగింది. ఆ డబ్బు ఇచ్చినవాడు పందెగాడిలా వేషం వేసిన పత్రికా విలేఖరి. ఆ గదిలో జరిగినదంతా రహస్యంగా కెమెరాలో పట్టాడు. తరవాత పోలీసులు వెతికినప్పుడు, ఆ నోట్లలో 1,500 పౌన్లు అమీర్ గదిలో దొరికాయి.

‘‘మూడు నోబాల్స్ అంటే మూడే గదా పరుగులు? మాచ్ ఓడిపోయింది వాటివల్ల కాదుగా?’’ అని మీరు అడగవచ్చు. లెక్క ప్రకారం మీ మాట నిజమే. పాకిస్తాను ఆ మాచ్‌లో ఇన్నింగ్స్ 225 పరుగుల తేడాతో ఓడింది. అందులో మూడు పరుగులు ఒక లెక్క కాదు.

కాని ఆలోచించి చూడండి. క్రికెట్టు మీద పందేలు కాసేవాళ్ళు ఎవరు గెలుస్తారని మాత్రమే కాయరు. ఈ ఓవరులో ఎన్ని పరుగులు వస్తాయి, నోబాల్ పడుతుందా లేదా అని కూడా కాస్తారు. జరగబోయేది ముందే తెలిసినవాడు, తెలియనివాళ్ళ డబ్బంతా కాజేస్తాడు. అది దొంగతనమే. ఒక బంతిని డబ్బుకు అమ్మినవాడు రేపు ఒక ఓవరును అమ్మవచ్చు, ఎల్లుండి మాచ్‌నే అమ్మవచ్చు.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఆట ఎందుకు చూస్తాం? తరవాత ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియదు గనక. బాట్స్‌మన్ కాచ్ ఇస్తే, పొరపాటున ఇచ్చాడని నమ్ముతాం. బౌలరు నోబాల్ వేస్తే, కాలు జారిందని నమ్ముతాం. ఆ నమ్మకం ఒక్కసారి పోయిందంటే, అసలైన ఆట కూడా నాటకంలాగే కనిపిస్తుంది. లార్డ్స్‌లో అమీర్ తీసిన ఆరు వికెట్లూ నిజమైనవే. కాని వాటిని తలచుకున్న ప్రతివాడికీ, వాటితోపాటు ఆ రెండు నోబాల్స్ కూడా జ్ఞాపకం వస్తాయి. సొంత గడ్డ మీద ఆట చూసే భాగ్యం లేక టెలివిజనుకు అతుక్కుపోయి కూర్చున్న ఆ జనం సంగతి చెప్పనే అక్కర్లేదు.

2011 ఫిబ్రవరిలో, దోహా నగరంలో, అంతర్జాతీయ క్రికెట్టు మండలి నియమించిన న్యాయసంఘం తీర్పు చెప్పింది. అమీర్ అయిదేళ్ళపాటు క్రికెట్టు ఆడరాదన్నది. ఆసిఫ్‌కు ఏడేళ్ళు, జట్టు కెప్టెను సల్మాన్ బట్‌కు పదేళ్ళు నిషేధం విధించి, వారి శిక్షలో కొంత భాగం నిలిపి ఉంచింది. అక్కడ ముగ్గురూ తాము తప్పు చెయ్యలేదనే వాదించారు.

తరవాత లండన్‌లో పందెం మోసం కింద విచారణ జరిగింది. అప్పటికి అమీర్ మనసు మార్చుకున్నాడు. విచారణ ప్రారంభం కాకముందే తన తప్పు ఒప్పుకున్నాడు. 2011 నవంబరు 3న న్యాయమూర్తి శిక్షలు చదివాడు: దళారికి రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు, కెప్టెనుకు రెండున్నర ఏళ్ళు, ఆసిఫ్‌కు ఒక ఏడాది, అమీర్‌కు ఆరు నెలలు. అమీర్ చిన్నవాడనీ, పల్లెటూరినుంచి వచ్చినవాడనీ, నేరం ఒప్పుకున్నాడనీ న్యాయమూర్తి గుర్తించాడు. అయినా శిక్ష వెయ్యక తప్పలేదు. కుర్ర నేరస్థులను ఉంచే జైలుకు అమీర్‌ను పంపారు. శిక్షలో సగం గడిచాక, 2012 ఫిబ్రవరి 1న, విడుదల చేశారు.

ఈ కథ చదివే పెద్దవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడికి జట్టులో తండ్రి వంటివాడు, అన్న వంటివాడు కెప్టెనే గదా? కుర్రవాడిని తప్పుదారినుంచి కాపాడవలసిన ఆ కెప్టెనే ఈ కుట్రలో ఉన్నాడు. అందుకే అతనికి ఆటగాళ్ళందరికన్నా పెద్ద శిక్ష పడింది. క్రికెట్టు నియమాలలో ఇందుకు ఒక మార్గం ఉన్నది. ఎవరైనా డబ్బు ఆశ చూపితే, ఆటగాడు వెంటనే అధికారులకు చెప్పాలి. చెప్పకుండా దాచటం కూడా నేరమే. అమీర్ ఆ రోజున ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, మనం ఈ కథ చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు. జైలునుంచి వచ్చాక అతను, తనలాంటి కుర్రవాళ్ళు ఈ ఉచ్చులో పడకుండా, క్రికెట్టు మండలి తీసిన హెచ్చరిక చిత్రంలో తన కథ తానే చెప్పాడు.

నిషేధం ఉన్నన్నాళ్ళూ అమీర్ గుర్తింపు పొందిన ఏ పోటీలోనూ ఆడటానికి వీల్లేదు. ఫాస్ట్ బౌలరుకు పద్ధెనిమిది మొదలు ఇరవైమూడు దాకా బంగారం వంటి వయసు. ఆ అయిదేళ్ళూ అట్లా గడిచిపోయాయి. 2015 ఆరంభంలో అతనికి సొంత దేశపు పోటీలలో ఆడటానికి అనుమతి దొరికింది. సెప్టెంబరులో నిషేధం పూర్తిగా ముగిసింది.

మరి అతన్ని మళ్ళీ జట్టులో చేర్చుకోవాలా? పాకిస్తానులో దీని మీద పెద్ద వివాదం జరిగింది. ‘‘దేశాన్ని అమ్మినవాడితో కలిసి ఆడటమా?’’ అన్నారు కొందరు. ‘‘చిన్నతనంలో తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు, శిక్ష అనుభవించాడు. ఇంకా ఎన్నాళ్ళు?’’ అన్నారు మరికొందరు. మహమ్మద్ హఫీజ్, అజర్ అలీ అనే ఇద్దరు ఆటగాళ్ళు, అమీర్ ఉన్న శిక్షణ శిబిరానికి రామని భీష్మించారు. చివరకు వారిని ఒప్పించవలసివచ్చింది. ఇంగ్లండు కెప్టెను అలస్టేర్ కుక్, ఇటువంటి నేరానికి ఇకముందు జీవితాంతం నిషేధం ఉండాలన్నాడు. కాని అమీర్ తనకు వేసిన శిక్ష పూర్తి చేశాడు గనక, తిరిగి ఆడటానికి అతనికి హక్కున్నదని కూడా అన్నాడు.

2016 జనవరిలో అమీర్ న్యూజీలాండులో పాకిస్తాను తరఫున మళ్ళీ దిగాడు. వెల్లింగ్టన్‌లో అతను బంతి వేస్తుంటే, మైదానంలో లౌడ్‌స్పీకరు నడిపేవాడు దుకాణంలో డబ్బుపెట్టె మోగే చప్పుడు వినిపించాడు. న్యూజీలాండు క్రికెట్టు అధికారులు అందుకు క్షమాపణ చెప్పుకున్నారు. శిక్ష తీరినా, ఎగతాళి తీరలేదన్నమాట.

తరవాతి నెలలో ఢాకాలో భారత జట్టుతో మాచ్ జరిగింది. పాకిస్తాను 83 పరుగులకే ఔటయింది. మనవాళ్ళు చిటికెలో గెలుస్తారనుకుంటూండగా, అమీర్ బంతి అందుకుని రోహిత్ శర్మను, రహానేను, రైనాను పంపేశాడు. మనవాళ్ళు ఎనిమిది పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకున్నారు. విరాట్ కోహ్లీ ఓపికగా 49 పరుగులు చేసి మాచ్‌ను గెలుపు దాకా తెచ్చాడు. ఆట అయినాక కోహ్లీ అమీర్ బౌలింగును మనసారా మెచ్చుకున్నాడు. తరవాత కలకత్తాలో కలుసుకున్నప్పుడు తన బాటు ఒకటి అమీర్‌కు కానుకగా ఇచ్చాడు.

ఆ జులైలో అమీర్ మళ్ళీ టెస్టు ఆడాడు. ఏ మైదానంలోనో తెలుసా? లార్డ్స్‌లో! కాలు గీత దాటిన చోటే. పాకిస్తాను 75 పరుగుల తేడాతో గెలిచింది. ఇంగ్లండు చివరి వికెట్టును బౌల్డు చేసినవాడు అమీరే.

2017 జూన్ 18న లండన్‌లోని ఓవల్ మైదానంలో ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆ మాచ్ మీ ఇళ్ళలో పెద్దలకు బాగా జ్ఞాపకం ఉంటుంది, కాని సంతోషంగా కాదు! పాకిస్తాను 338 పరుగులు చేసింది. వెన్నునొప్పివల్ల సెమీఫైనల్ ఆడలేకపోయిన అమీర్ ఈ మాచ్‌కు వచ్చాడు. మూడవ బంతికి రోహిత్ శర్మ ఔటు. తరవాత కోహ్లీ ఇచ్చిన కాచ్‌ను స్లిప్పులో ఉన్న ఆటగాడు వదిలేశాడు. ఆ ఆటగాడు అజర్ అలీ. అమీర్‌తో కలిసి ఆడనన్న ఇద్దరిలో ఒకడు. అమీర్ అతన్ని ఏమీ అనకుండా వెనక్కు నడిచి వెళ్ళి మరుసటి బంతి వేశాడు. దానికి కోహ్లీ మళ్ళీ కాచ్ ఇచ్చాడు. ఈసారి షాదాబ్ ఖాన్ పట్టుకున్నాడు. ఆ వెనక శిఖర్ ధావన్ కూడా అమీర్ బంతికే ఔటయాడు. మన జట్టు 158 పరుగులకు ముగిసింది. ఆరు ఓవర్లలో అమీర్ పదహారు పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు.

కథలలో అయితే ఇక్కడ ఆపి, ‘‘అతను సుఖంగా ఉన్నాడు,’’ అని ముగిస్తారు. కాని నిజమైన జీవితం ఇంకా సాగుతుంది. 2019లో, ఇరవైఏడేళ్ళకే, అమీర్ టెస్టులు ఆడటం మానేశాడు. ఇంత త్వరగా మానటం ఏమిటని పెద్ద ఆటగాళ్ళు మందలించారు. 2020 డిసెంబరులో, జట్టు నడిపేవారితో పడక, అంతర్జాతీయ క్రికెట్టు పూర్తిగా వదిలేశాడు. 2024లో తిరిగివచ్చి ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పు ఆడాడు. అమెరికాతో జరిగిన మాచ్ సమానం కాగా, చివర అదనపు ఓవరు అతనే వేశాడు. అతని బంతులు అదుపు తప్పి వైడ్లు పోయాయి, పాకిస్తాను ఓడిపోయింది. ఆ డిసెంబరులో అతను అంతర్జాతీయ క్రికెట్టు రెండవసారి విరమించాడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. నిషేధానికి ముందు అమీర్ 14 టెస్టులు ఆడి 51 వికెట్లు తీశాడు. తరవాత 22 టెస్టులు ఆడి 68 వికెట్లు తీశాడు. మొత్తం 36 టెస్టులలో 119 వికెట్లు. ఎవరిని చూసి అతను బౌలింగు నేర్చుకున్నాడో, ఆ వాసిం అక్రం తీసిన టెస్టు వికెట్లు 414. ఆ అయిదేళ్ళు పోకుండా ఉంటే అమీర్ ఎంత దూరం పోయేవాడో ఎవరూ చెప్పలేరు. మిగిలిన ఇద్దరి సంగతి మరీ విచారకరం. ఆసిఫ్ 23 టెస్టులలోనే 106 వికెట్లు తీసిన నేర్పరి. నిషేధం తీరిన తరవాత ఆసిఫ్ గాని, సల్మాన్ బట్ గాని మళ్ళీ పాకిస్తాను తరఫున ఆడలేదు.

అమీర్‌కు రెండవ అవకాశం ఇవ్వటం న్యాయమేనా? ఈ ప్రశ్న మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. అమ్మ ఒకటి చెప్పవచ్చు, తాతయ్య ఇంకొకటి చెప్పవచ్చు. ఒకటి మాత్రం అందరూ ఒప్పుకోవాలి: తప్పు ఒప్పుకుని శిక్ష అనుభవించినవాడు తిరిగి ఆటలోకి రాగలిగాడు గాని, పోయిన కాలాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేకపోయాడు.

2020 నుంచీ పెద్ద పెద్ద మాచ్‌లలో బౌలరు కాలు ఎక్కడ పడుతున్నదో చూడటానికి అంపైరు టెలివిజను ముందు కూర్చుంటున్నాడు. అంగుళంలో పదోవంతు దాటినా కెమెరా పట్టేస్తుంది. కాని ఆ కాలు పొరపాటున దాటిందో, కావాలని దాటిందో ఏ కెమెరా చెప్పలేదు. అది దాటినవాడికే తెలుసు. అందుచేత, ఎప్పుడైనా ఎవరైనా మీ దగ్గిరకు వచ్చి, ‘‘చిన్న పనే, ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ చెప్పకు,’’ అన్నారంటే, వెంటనే వెళ్ళి అమ్మకో, నాన్నకో, మాస్టారికో చెప్పండి.